గట్టు జరిగితే అడుగుతాం, వార్డు జరిగితే అడగమా?

(కొలిమిగుండ్లలో విద్యార్థులు, ఉద్యోగులు, రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాష్ట్రం అడిగే సభలో వార్డుల సరిహద్దుల గురించి మాట్లాడతామంటే కొందరు మిత్రులకు ఆశ్చర్యం వేసింది. "సీమకు నీళ్ళు రాకపోవడం గురించి చెప్పండి, ఉద్యోగాల గురించి చెప్పండి. మునిసిపాలిటీ వార్డుల గోల మనకెందుకు? కొలిమిగుండ్లలో మునిసిపాలిటీనే లేదు గదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ పొద్దు మీ ముందుకు వచ్చినాం.

ఈ సభలో సేద్యం చేసేవాళ్ళు సగం మంది ఉన్నారు. పక్క చేను ఆయన రాత్రికి రాత్రి గట్టును జానెడు ఇవతలికి జరిపితే మనం ఊరుకుంటామా? సర్వేయరును పిలిపిస్తాం. గొలుసు పట్టిస్తాం. పాత రికార్డులు తీయిస్తాం. మండలాఫీసు చుట్టూ తిరుగుతాం, పెద్దమనుషుల్ని కూచోబెడతాం, తెగకపోతే కోర్టుకు పోతాం. జానెడు నేల కోసం రెండు తరాలు తగువు పడిన కుటుంబాలు మన సీమలో ప్రతి ఊర్లో ఉన్నాయి.

మన ఓటుకు కూడా ఒక గట్టుంది. పంచాయతీలో, మునిసిపాలిటీలో దాన్ని వార్డు సరిహద్దు అంటారు. శాసనసభకు వచ్చేసరికి నియోజకవర్గం సరిహద్దు అంటారు. ఆ గట్టును జరిపినప్పుడు మాత్రం మనం అడగం. అడగడం సంగతి అటుంచండి, జరిపినట్టే మనకు తెలియదు. ఎన్నికల రోజు ఓటు యాడుందో వెతుక్కుంటా పోతే అప్పుడు తెలుస్తుంది, మన వీధి ఇంకో వార్డులో పడిందని. మేము ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒకటే. ఓటు వేయడం కంటే ముందే గీత గీస్తారు. గీత గీసేటప్పుడు నిద్రపోయిన వాళ్ళకు ఓటు వేసేటప్పుడు చేయగలిగింది తక్కువ.

మన మీద గీసిన గీతలు

దూరం పోవద్దు. ఈ కొలిమిగుండ్ల మండలాన్నే తీసుకోండి. 2009 ఎన్నికలకు ముందు బనగానపల్లె అనే శాసనసభ నియోజకవర్గం లేదు, కోయిలకుంట్ల ఉండేది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన డీలిమిటేషన్ కమిషన్ కోయిలకుంట్లను తీసేసింది, ఆత్మకూరును తీసేసింది. బనగానపల్లె, శ్రీశైలం, మంత్రాలయం కొత్తగా వచ్చినాయి. అట్లా ఉమ్మడి కర్నూలు జిల్లాకు 13 సీట్లు 14 అయినాయి. మంచిదే అనుకున్నాం. అదే గీతతో కడపకు 11 కాస్తా 10 అయినాయి, చిత్తూరుకు 15 కాస్తా 14 అయినాయి. అనంతపురం 14 దగ్గరే ఉంది. లెక్క కూడితే నాలుగు జిల్లాల రాయలసీమకు 53 ఉన్న సీట్లు 52 అయినాయి. అదే విడతలో హైదరాబాదు చుట్టుపక్కల పెరిగిన జనంతో తెలంగాణ సీట్లు 107 నుంచి 119కి పెరిగినాయి. కోస్తాకు తగ్గినాయి, మనకూ తగ్గినాయి. కోస్తాకు తగ్గినా 123 మిగిలినాయి. మనకు మిగిలింది 52. 2014లో రాష్ట్రం చీలినాక 175 మంది ఉన్న సభలో మన బలం అదే 52. సభలో నూటికి ముప్పై మందిమి కూడా లేని వాళ్ళం నీళ్ళ మీద ఓటింగు పెడితే ఏమవుతుందో లెక్కలు వచ్చిన ఏ విద్యార్థి అయినా చెబుతాడు.

అంతకు ముందు కూడా ఇంతే. 1953లో బళ్ళారి జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం మన వైపు వచ్చినాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం తీసి అటు కలిపినారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది, మనం కర్నూలు జిల్లా వాళ్ళం కాకుండా పోయినాం. ఇందులో కొన్ని మంచికే జరిగి ఉండొచ్చు. అయితే ఒక్కదానికీ ఈ నేల మీద ఉన్న మనిషిని ఓటు వేయించి అడగలేదు.

ఒక వాడ, మూడు గీతలు

వార్డు అంటే ఏమిటో ఒకసారి నేల మీదికి దిగి చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో సభ్యులందరినీ వార్డుల నుంచి నేరుగా ఎన్నుకోవాలని 243-ఆర్ అధికరణం చెప్పింది. దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి సీట్లు కేటాయించాలని, మూడో వంతుకు తగ్గకుండా మహిళలకు ఇవ్వాలని 243-టి చెప్పింది. పాలకవర్గం గడువు అయిదేళ్ళని, ఆ లోపలే ఎన్నికలు పూర్తి చేయాలని 243-యు చెప్పింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. వార్డు గీతలు ఎవరు గీయాలి, ఎట్లా గీయాలి అనేది మాత్రం రాష్ట్రాల చట్టాలకు వదిలిపెట్టినారు. మన తావున ప్రభుత్వం వార్డుల సంఖ్య నిర్ణయిస్తుంది, కమిషనరు ముసాయిదా తయారు చేస్తాడు, అభ్యంతరాలకు కొన్ని రోజులు ఇస్తారు, మళ్ళీ ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. రాష్ట్ర ఎన్నికల సంఘం చేతికి వచ్చేసరికి గీతలన్నీ అయిపోయి ఉంటాయి.

ఇందులో ప్రమాదం యాడుందో చిన్న లెక్కతో చెబుతాం. ఇది ఊహించుకున్న లెక్కే. ఒక చిన్న పట్నంలో మూడు వేల మంది ఓటర్లు, మూడు వార్డులు అనుకోండి. అందులో ఒక దళితవాడలో ఆరు వందల మంది ఉన్నారు. వాడ మొత్తం ఒకే వార్డులో ఉంటే వెయ్యిలో ఆరు వందలు వాళ్ళవే. వాళ్ళ మనిషి గెలుస్తాడు, లేదా వాళ్ళను అడక్కుండా ఎవరూ గెలవరు. అదే వాడను మూడు ముక్కలు చేసి మూడు వార్డులకు పంచితే ఒక్కోదాంట్లో రెండు వందలే. మనుషులు అవే ఇండ్లలో ఉన్నారు, ఓట్లు అవే ఉన్నాయి, అయినా వాళ్ళ మాటకు యాడా బలం లేదు. రిజర్వేషను కూడా వార్డులో ఎంత శాతం ఉన్నారనే లెక్క మీదనే కదా. ముక్కలైన వాడకు ఆ లెక్క కూడా తేలదు. చేనేత కాలనీ అయినా, ముస్లిం మొహల్లా అయినా, రాళ్ళ ఫ్యాక్టరీ కూలీల గుడిసెలైనా ఇదే సూత్రం. అమెరికాలో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ హయాంలో 1812లో ఇట్లనే సొంత పార్టీకి అనువుగా వంకరటింకర గీతలు గీసినారు. ఆయన పేరు మీదనే ఈ మోసానికి అక్కడ ఒక పేరు స్థిరపడింది. రెండు వందల ఏండ్లు దాటినా ఆ విద్య పాతబడలేదు.

హైదరాబాదులో జరిగింది

యాభై ఎనిమిదేండ్లు మన రాజధాని అయిన హైదరాబాదు ఈ విషయంలో పెద్ద పాఠం. 2007 ఏప్రిల్ 16న పాత హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనులో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసినారు. పాత కార్పొరేషనుకు 100 డివిజన్లు ఉండేవి, గ్రేటరుకు 150 చేసినారు. 2009 నవంబరులో తొలి ఎన్నికలు జరిగినాయి. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ జనం 67 లక్షల 31 వేలు. 150తో భాగించండి. ఒక్కో కార్పొరేటరుకు దగ్గర దగ్గర 45 వేల మంది. అది సగటు మాత్రమే. ఊరు పెరిగిన అంచుల్లో అంతకంటే ఎక్కువ మంది ఉండటం, పాత పేటల్లో తక్కువ ఉండటం మామూలే. తర్వాత 2016లోనూ, 2020లోనూ 150తోనే ఎన్నికలు జరిపినారు.

2025 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం అవుటర్ రింగురోడ్డు దాకా ఉన్న 27 పట్టణ సంస్థలను గ్రేటరులో కలిపింది. వెంటనే 300 వార్డులుగా విభజిస్తూ ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి మొదట ఇచ్చింది వారం రోజులు. ఆ వారంలో జనం అడిగిన ప్రశ్న చాలా చిన్నది. మా వార్డులో ఎంతమంది ఉన్నారు, పటం యాడుంది అన్నారు. ఆ రెండూ చేతిలో లేకుండా అభ్యంతరం ఏమని రాయాలి? కొందరు హైకోర్టుకు పోయినారు. వార్డులవారీ జనాభా వివరాలు, పటాలు బయట పెట్టమని కోర్టు చెప్పింది, గడువు కూడా కొద్దిగా పెరిగింది. వేల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చినాయి.

ఇక్కడ మా మాట తప్పుగా అర్థం చేసుకోవద్దు. వార్డులు పెంచడం తప్పు అనడం లేదు. 45 వేల మందికి ఒక్క మనిషి అంటే ఆ మనిషి ముఖం కూడా జనానికి తెలియదు. పెంచాల్సిందే. మా అభ్యంతరం పద్ధతి మీద. ఇంటి ముందు డ్రైనేజీ గుంత ఎవరిని అడగాలో నిర్ణయించే పటాన్ని ఇంటాయనకు చూపించకుండా ఖరారు చేయబోవడం ఏం న్యాయం? కోర్టుకు పోయే స్తోమత, లాయరు, ఇంగ్లీషు ఉన్న హైదరాబాదు వాళ్ళకే ఆ పటం అంత కష్టం మీద దొరికిందంటే, రేపు నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఒక హమాలీకి ఎట్లా దొరుకుతుంది?

ఇంకో మాట. గీత ఖరారైన తర్వాత కోర్టు తలుపు తట్టినా పెద్దగా లాభం ఉండదు. వార్డుల విభజనకు సంబంధించిన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించకూడదని రాజ్యాంగంలోని 243-జడ్‌జీ అధికరణం చెబుతోంది. కాబట్టి ముసాయిదాకు, ఖరారుకు మధ్యన ఉన్న ఆ కొద్ది రోజులే మన చేతిలో ఉన్న గడువు. అది దాటితే మళ్ళీ గీతలు మార్చేదాకా కాచుకోవాల్సిందే.

కర్నూలు పోగొట్టుకున్న ఏండ్లు

గీతల తగువు ఇంకో రకంగా కూడా జనాన్ని ముంచుతుంది. అది ఎన్నికలు వాయిదా వేయడానికి సాకు. దీనికి ఉదాహరణ మన కర్నూలే. 1953 అక్టోబరు 1 నుంచి మూడేండ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు. 2005లో ఎన్నికైన కర్నూలు కార్పొరేషను పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడు జరిగినాయో తెలుసా? 2021 మార్చిలో. రాష్ట్రంలో చాలా పట్టణాలకు 2014లో ఎన్నికలు జరిగినాయి, నంద్యాలకు జరిగినాయి, కర్నూలుకు జరగలేదు. చుట్టుపక్కల గ్రామాల విలీనం చిక్కు అన్నారు, వార్డులు తేలలేదు అన్నారు, కోర్టు అన్నారు. నాలుగు లక్షలు దాటిన జనం ఉన్న నగరాన్ని పది పదకొండేండ్లు ప్రత్యేకాధికారులు నడిపినారు. 2010లో పదో తరగతి చదివే పిల్లవాడు 2021లో ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చినాడు. ఆ మధ్యలో వాళ్ళ వీధికి ఎన్నికైన మనిషి అంటూ ఒకడు లేడు.

కర్నూలు ఒక్కటే కాదు. లక్షల మంది తెలుగువాళ్ళు బతుకుతున్న బెంగళూరును చూడండి. 2015లో 198 వార్డులకు ఎన్నికైన పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత 243 వార్డులు అన్నారు. ఇంకో ప్రభుత్వం వచ్చి 225 అంది. 2025 సెప్టెంబరులో నగరాన్నే అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టినారు. ఈ గీతలు చెరపడం, మళ్ళీ గీయడంలోనే అయిదేండ్లు దాటిపోయినాయి. 2025 సంవత్సరం ముగిసేనాటికి కూడా అక్కడ ఎన్నికైన కార్పొరేటరు ఒక్కడూ లేడు.

ఇది చట్టం ఒప్పుకునే పని కాదు. అహ్మదాబాదు కార్పొరేషను విషయంలో కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు ఈ ముచ్చట తేల్చింది. అయిదేండ్ల గడువు దాటకుండా ఎన్నికలు జరపాల్సిందే, వార్డుల విభజన దానికి అడ్డం కాకూడదు అంది. 2022 మేలో మధ్యప్రదేశ్‌కు చెందిన సురేష్ మహాజన్ కేసులో మళ్ళీ అదే మాట చెప్పింది. కొత్త విభజన పూర్తి కాకపోతే ఉన్న వార్డులతోనే ఎన్నికలు పెట్టమంది. మీ ఊర్లో ఎవరైనా "వార్డులు తేలలేదు, అందుకే ఎన్నికలు లేవు" అంటే ఈ రెండు తీర్పుల పేర్లు చెప్పండి. విద్యార్థి మిత్రులు ఈ రెండు పేర్లు నోట్‌బుక్కులో రాసుకోండి.

ఎంతమంది ఉండాలి?

ఇంక సంఖ్య మాట. 2021 ఎన్నికల్లో కర్నూలుకు 52 వార్డులు, నంద్యాలకు 42, ఆళ్ళగడ్డకు 27. 2011 లెక్కలతో చూస్తే కర్నూలులో ఒక వార్డుకు ఎనిమిది వేల పైచిలుకు మనుషులు. నంద్యాల జనం రెండు లక్షలు, వార్డుకు అయిదు వేల లోపు. ఇదే రాష్ట్రంలో మన గ్రామ పంచాయతీకి వస్తే జనాభాను బట్టి 5 నుంచి 21 మంది దాకా సభ్యులు. కొన్ని వందల మందికి ఒక వార్డు మెంబరు. ఊరు పెరిగే కొద్దీ మనిషి మాట పలచబడిపోతా ఉంది.

లోకంలో కూడా ఈ తగువు ఉంది. లాస్ ఏంజెల్స్ నగర కౌన్సిల్లో 1925 నుంచి 15 మందే సభ్యులు. 2020 లెక్కల్లో ఆ నగరం జనం 39 లక్షలకు దగ్గర. ఒక్కో సభ్యుడికి రెండున్నర లక్షల పైన. మన దగ్గర ఎమ్మెల్యే పరిధి అది. కెనడాలో టొరంటో నగరానికి 47 వార్డులతో ఎన్నికలు జరగాల్సి ఉండగా, 2018లో ప్రచారం నడుస్తుండగానే రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి వాటిని 25కు కుదించింది. నగరం కోర్టుకు పోతే 2021లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపుగా ప్రభుత్వం చేసింది చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. సంపన్న దేశంలో కూడా పై ప్రభుత్వం తలుచుకుంటే కింది కౌన్సిలును సగం చేయగలదని దీంతో తెలిసింది.

వార్డు పెద్దదయ్యే కొద్దీ ఎన్నిక ఖర్చు పెరుగుతుంది. అయిదు వేల మంది వార్డులో టైలరు షాపు నడిపే అక్క, ప్రైవేటు బడిలో చదువు చెప్పే సారు కాలినడకన తిరిగి ఓటు అడగగలరు. నలభై అయిదు వేల మంది డివిజనులో రియల్ ఎస్టేటు ఆయన తప్ప ఎవరు నిలబడతారు? వార్డు సైజు చూస్తే చాలు, ఎవరు నాయకులవుతారో సగం తెలిసిపోతుంది.

సంఖ్య ఒక్కటే పెంచితే సరిపోదని కూడా ఒప్పుకోవాలి. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణాలకు అప్పజెప్పాల్సిన పనులు 18 రాసినారు. అధికారం, నిధులు పై ప్రభుత్వం దగ్గరే పెట్టుకొని కింద సభ్యుల సంఖ్య పెంచితే కుర్చీలు పెరుగుతాయి, పనులు కావు. మన అడుగుడు రెండింటి మీదా ఉండాలి.

లెక్కలోనే పోతున్న మనుషులు

ఇప్పుడు అసలు దెబ్బ దగ్గరికి వస్తున్నాం. గీతకు ముందు లెక్క. వార్డు అయినా, శాసనసభ సీటు అయినా జనాభా లెక్క మీదనే నిలబడుతుంది. ఆ లెక్కను ఎప్పుడు తీస్తారు? 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తీసినారు. 2027 జనగణనకు 2025 జూన్ 16న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషనులో మన ప్రాంతానికి 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టింది. అంటే జనాన్ని లెక్కపెట్టేది మళ్ళీ ఫిబ్రవరిలోనే.

ఫిబ్రవరిలో మన పడమటి ఊర్లు ఎట్లా ఉంటాయి? ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు పోయి చూడండి. ఖరీఫు పంట ఎండిపోతే బుడ్డలు వేసిన రైతు, వాని కూలీ ఇద్దరూ సుగ్గికి పోయి ఉంటారు. గుంటూరు వైపు మిరప కోతలకు, హైదరాబాదు, బెంగళూరు బిల్డింగు పనులకు పిల్లాజెల్లాతో పోతారు. ఇండ్లకు తాళాలు, లేదంటే గడప దగ్గర ముసలవ్వ. 2011 జనగణన నియమం ఏమిటంటే, లెక్కపెట్టే రోజులన్నీ ఊరిడిసి ఉన్న మనిషిని సొంతూర్లో రాయరు, అప్పుడు యాడుంటే ఆడ రాస్తారు. నియమంలో తప్పు లేదు, ఒక మనిషిని రెండు తావుల రాయకూడదు గదా. అయితే దాని ఫలితం చూడండి. నీళ్ళు లేక వలస పోయిన మనిషి నీళ్ళున్న ప్రాంతం లెక్కలో పడతాడు. ఆ లెక్క మీద ఆ ప్రాంతానికి సీట్లు. ఆ సీట్ల మీద నీళ్ళ పంపకాలు. మన కరువే మన బలాన్ని తగ్గిస్తుంది. వలస పోయిన తావున గుడారంలో ఉన్నోళ్ళను అక్కడి లెక్కలోనూ రాయకపోతే ఆ మనిషి దేశం లెక్కలోనే లేకుండా పోతాడు.

84వ రాజ్యాంగ సవరణ 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా శాసనసభ సీట్ల సంఖ్య పంపకాన్ని ఆపి పెట్టింది. 2014 విభజన చట్టంలోని 26వ సెక్షను ఆంధ్రప్రదేశ్ శాసనసభ సీట్లు 175 నుంచి 225కు పెంచే మాట రాసి, దాన్ని రాజ్యాంగం 170వ అధికరణానికి ముడివేసింది. 2027 లెక్క ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. ఆ లెక్కలో మన మనిషి పోతే, రేపు గీసే గీతల్లో మన ఊరు పోతుంది. ఈసారి కులాల వివరాలు కూడా రాస్తామని కేంద్రం 2025లో చెప్పింది. వెనకబడిన కులాల వార్డులకు కూడా అదే పునాది.

శ్రీబాగ్‌లో రాసుకున్నది

"జనాభా ఎక్కువ ఉన్నోళ్ళకు సీట్లు ఎక్కువ, అందులో అన్యాయం ఏముంది?" అని కోస్తా మిత్రులు అడుగుతారు. ఒక ఊరి లోపల వార్డుకు వార్డుకు జనం సమానంగా ఉండాలని మేమూ అంటాం. అదే నంద్యాల, అదే మునిసిపాలిటీ, అందరి ఓటుకూ అదే విలువ ఉండాలి. అయితే రెండు ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రంగా బతకాలి అన్నప్పుడు తలల లెక్క ఒక్కటే చాలదని మన పెద్దలకు ముందే తెలుసు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కూర్చొని రాసుకున్న ఒప్పందంలో నీళ్ళ మాట, యూనివర్సిటీ మాట, రాజధాని, హైకోర్టు మాట అందరికీ గుర్తున్నాయి. శాసనసభ సీట్ల విషయంలో జిల్లాలకు సమాన ప్రాతినిధ్యం అని కూడా అందులో రాసినారు. దీన్ని మనమే మరిచిపోయినాం. రాష్ట్రం వచ్చినాక ఆ మాట అమలు కాలేదు. మెజారిటీ వాళ్ళ చేతిలో, ఒప్పందం మన బీరువాలో మిగిలింది.

1928లో నంద్యాల సభలో ఈ నేలకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. నూరేండ్లు కావస్తా ఉంది. పేరు మనం పెట్టుకున్నాం, గీతలు మాత్రం ఎప్పుడూ ఇంకొకరే గీస్తున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోరిక అంటే ఏమిటి? మన గీతను మనమే గీసుకుంటాం అని అడగడమే. మరి రాష్ట్రం గీత అడిగే వాళ్ళకు వార్డు గీతను కాపాడుకునే తెలివిడి ఉండాలా వద్దా? రేపు రాష్ట్రం వచ్చినా, కర్నూలులోనో నంద్యాలలోనో కూచున్న మన పాలకులే దళితవాడను మూడు ముక్కలు చేస్తే, అప్పుడు ఎవరిని తిడతాం?

మనం అడగాల్సినవి, చేయాల్సినవి

మొదటిది, గీతలు గీసే పని ప్రభుత్వం చేతిలో నుంచి తీసేయాలి. ఇది అసాధ్యం కాదు. కేరళలో స్థానిక సంస్థల వార్డుల విభజనకు రాష్ట్ర ఎన్నికల కమిషనరు అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ ఉంది. ఆ పద్ధతిలోనే అక్కడ వార్డులు తేల్చి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిపినారు. ఇంకో రాష్ట్రం చేయగలిగింది మనకు ఎందుకు చేతకాదు?

రెండోది, ముసాయిదా వచ్చిన రోజే ప్రతి వార్డు పటం, జనాభా, వీధుల పేర్లు తెలుగులో సచివాలయం గోడ మీద పెట్టాలి. అభ్యంతరాలకు నెల రోజులు ఇవ్వాలి. ప్రతి అభ్యంతరానికి ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు ఒప్పుకోలేదో రాసి ఇవ్వాలి.

మూడోది, ఒక వాడను, ఒక కాలనీని ముక్కలు చేయాల్సి వస్తే కారణం రాయాలి. నాలుగోది, విభజన పేరుతో ఎన్నికలు ఒక్క రోజు కూడా ఆపకూడదు. 2021లో గెలిచిన పట్టణ పాలకవర్గాల అయిదేండ్ల గడువు 2026 మార్చితో ముగిసేది. కర్నూలు పదకొండేండ్ల కథ ఏ ఊర్లోనూ మళ్ళీ జరగకూడదు.

అడగడం ఒక్కటే సరిపోదు, చేయాల్సింది కూడా ఉంది. విద్యార్థి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊరి వార్డు పటం ఒకటి మీరే గీయండి. ఏ వీధి ఏ వార్డు, ఎన్ని ఇండ్లు, ఓటర్లు ఎంతమంది అని ఓటరు జాబితా పట్టుకొని నాలుగు ఆదివారాలు తిరిగితే అయిపోతుంది. రేపు ముసాయిదా వచ్చినప్పుడు పక్కన పెట్టి చూస్తే గట్టు యాడ జరిగిందో ఒక్క పూటలో తేలిపోతుంది.

ఉద్యోగ మిత్రులారా, మీ బాధ్యత ఇంకా పెద్దది. జనగణన రాసేది ఎక్కువగా టీచర్లే. కమిషనరు సంతకం పెట్టే ముసాయిదా తయారయ్యేది మీ టేబుళ్ళ మీదనే. ఎవరి మీదా అభిమానంతో ఎక్కువ రాయమని మేము అడగడం లేదు. అది తప్పు. తాళం వేసిన ఇల్లు కనబడితే ఒక గీత కొట్టి పోవద్దు, పక్కింట్లో అడగండి, మళ్ళీ ఒకసారి పోండి. సుగ్గికి పోయినోళ్ళు యాడున్నారో కనుక్కోండి, పండగకో జాతరకో మధ్యలో వచ్చిపోతారేమో చూడండి. వలస పోయే అన్నలకు చెప్పండి, యాడున్నా లెక్కలో పేరు రాయించుకోమని, ఆ తావున రాయకపోతే అడగమని. ఉన్న మనిషిని ఉన్నట్టు రాస్తే చాలు. సీమకు అంతకంటే ఎక్కువ అక్కర లేదు, అంతకంటే తక్కువ మనం ఒప్పుకోకూడదు.

ఈ మండలంలో నాపరాయి పని చేసే అన్నలను అడగండి. బండ కోసే ముందు గీత గీస్తారు. గీత వంకర పోతే మిషను ఎంత మంచిదైనా బండ పనికిరాదు. మన ఓటు కూడా అంతే. ఇంతకాలం ఎన్నికల రోజు ఒక్కటే ఉద్యమం అనుకున్నాం. ఇకమీదట లెక్క రాసే రోజు, గీత గీసే రోజు కూడా ఉద్యమమే. ఆ రెండు రోజులూ మెలకువగా ఉందాం.

జై రాయలసీమ!